కదలని త్రిభుజములు

తొమ్మిదవ తరగతి గదిలో నల్లబల్లమీద రెండు త్రిభుజములు ప్రక్కప్రక్కన గీయబడి యున్నవి. మొదటిదాని రెండు భుజములపై చిన్న గీట్లు, వాని నడిమి కోణమున ఒక చిన్న చాపము. రెండవదానియందును అవియే గుర్తులు. "ఇవి సర్వసమానములేనా?" అని ఉపాధ్యాయుడు అడుగును. అవునని తరగతి యంతయు ఏకకంఠమున పలుకును. "ఏ నియమముచేత?" "భు-కో-భు!" గోడలు మారుమ్రోగును. వెనుక బల్లమీది బాలుడొకడు మాత్రము లేచి, "మాస్టారూ, ఆ నియమం ఎందుకు నిజం?" అనును. "అది నియమంరా. పరీక్షలో అంతవరకు వ్రాస్తే చాలు" అని సమాధానము వచ్చును. బాలుడు కూర్చుండును. రేఖాగణితపు గంటలో అతడు మరల లేవడు.

ఇట్టి ఉపాధ్యాయుని నిందించుట న్యాయము గాదు. ఆయన చదువుకొన్ననాడు ఆయనకును అదే సమాధానము లభించి యుండును. గంట కొట్టులోపల లెక్కలు పూర్తి కావలెను. సంవత్సరాంతమున పిల్లలు ఉత్తీర్ణులు కావలెను. అయినను ఆ గదిలో ఆ క్షణమున జరిగిన నష్టము చిన్నది గాదు.

వల్లె వేయించుట సర్వత్ర దోషమని వాదించువారితో తెలుగు చదివినవారు ఏకీభవింపలేరు. అమరకోశమును, శతకములను అర్థము తెలియక మునుపే కంఠస్థము చేసినవారు పెద్దయైన పిదప వానివలన ఎంతయో ఫలము పొందినారు. గణితమునకే వచ్చినను, పావులూరి మల్లన సార సంగ్రహ గణితమును పద్యములలో రచించుటవలని ప్రయోజన మిట్టిదే: పద్యము నోట నున్నచో లెక్క చేతికి వచ్చును. వడ్డీ కట్టుటకును, పొలము వైశాల్యము తేల్చుటకును సూత్రము తెలిసిన చాలును. కాని ఉన్నత పాఠశాలలో రేఖాగణితమును పెట్టినది కేవలము పొలము కొలుచుటకు గాదు. చరిత్రలోని తేదీని గురువు చెప్పగా నమ్మవలెను. వ్యాకరణమున ఒక ప్రయోగమును పూర్వకవులు చేసినారని ఒప్పుకొనవలెను. రేఖాగణితమున మాత్రము గురువు మాటకును శిష్యుని మాటకును తూకమొక్కటే. ఏల నమ్మవలెనో అడుగుటకు బాలునికి హక్కు కలదని చెప్పుటకే ఆ పాఠ్యవిషయము ఉన్నది. ఆ హక్కును మొదటి వాకిటనే త్రోసిపుచ్చినచో లోపల ఎన్ని సిద్ధాంతములు చెప్పినను అవి మరికొన్ని సూత్రములుగనే మిగులును.

జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 2006లో వెలువరించిన తొమ్మిదవ తరగతి గణిత పుస్తకము ఈ విషయమున నిజాయితీగనే మాటాడినది. భు-కో-భు నియమమును అంతకు ముందు తెలిసిన ఫలితములనుండి నిరూపింప వీలు లేదు గనుక స్వీకృతముగా గ్రహింపవలెనని చెప్పి, దాని ఆధారముతో కో-భు-కో నియమమును నిరూపించినది. తర్కమునకిందు లోపము లేదు. కాని పదునాలుగేండ్ల బాలునికి 'ఇది స్వీకృతము' అను మాటకును 'చెప్పినమాట వినుము' అను మాటకును భేదము తెలియదు. స్వీకృతమనగా వినినంతనే మనస్సు ఒప్పుకొనునట్టిదై యుండవలెను. రెండు బిందువులగుండ ఒక్కటే సరళరేఖ పోవునన్నచో కాదనువా డుండడు. భు-కో-భు అట్టిదా? అందు మూడు షరతులున్నవి. తక్కిన భుజము, తక్కిన రెండు కోణములు అను మూడు ఫలితములున్నవి. ఇంత బరువు గల మాటను ఊరక ఒప్పుకొమ్మనుట బాలుని బుద్ధిని చిన్నబుచ్చుటయే.

పారిభాషిక పదము కూడ ఇచట కొంత అడ్డుపడుచున్నది. 'సర్వసమానము' చక్కని సంస్కృత సమాసమే. అన్నియు సమానములని దాని అర్థము. మూడు భుజములకు మూడు, కోణములకు మూడు, వెరసి ఆరు సమానత్వములు. వానిలో ఏ మూడు చాలునో చెప్పునది నియమము. బాలుడు దీనిని జమాఖర్చు పద్దువలె నేర్చుకొనును. రెండు 'ఠ'కారములు సర్వసమానములా యని యడిగినచో అతనికి తోచదు. ఆ అక్షరమునకు భుజములు లేవు, కోణములు లేవు. కాని ఒకదానిపై నొకటి సరిగా కూర్చుండునా యని యడిగినచో చిన్న బిడ్డయు చెప్పగలదు. అసలు భావము ఈ రెండవ ప్రశ్నలో ఉన్నది. జనుల నోటి తెలుగులో దానికి మాట లేకపోలేదు. తండ్రిపోలిక గల పిల్లవానిని చూచి 'అచ్చు గ్రుద్దినట్లున్నాడు' అందురు. పారిభాషిక పదము ఫలితమును చెప్పుచున్నది. ఈ పలుకుబడి ఆ ఫలితము ఏ పనివలన కలిగినదో చెప్పుచున్నది.

అచ్చు గ్రుద్దుట యనగా ఏమో కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకమువారి బల్ల చెంత నిలిచి చూచినవారికి చక్కగా తెలియును. టేకు చెక్కపై చెక్కిన పువ్వును రంగులో ముంచి గుడ్డపై నొక్కుదురు. ప్రక్కకు జరిపి మరల నొక్కుదురు. అంచు మూలకు వచ్చినప్పుడు అచ్చును త్రిప్పి నొక్కవలసి యుండును. ఎన్ని మారులు జరిపినను, ఎంత త్రిప్పినను పువ్వు పెరుగదు, తరుగదు, వంకరపోదు. అయితే కుడివైపునకు వంగిన కొమ్మను ఎడమవైపునకు వంగినట్లు కావలెనన్నచో ఆ అచ్చుతో పని జరుగదు. దానిని బోర్లించినచో పిడి అద్దుకొనునే గాని పువ్వు అద్దుకొనదు. అద్దములోని ప్రతిబింబమువంటి మరియొక అచ్చును చెక్కింపవలసినదే. జరుపుట, త్రిప్పుట, ప్రతిబింబించుట: గణితము వీనికే స్థానాంతరణము, భ్రమణము, పరావర్తనము అని పేర్లు పెట్టినది. మూడింటిని కలిపి దృఢ చలనము లనవచ్చును. వీనిలో దేనిచేతనైనను రెండు బిందువుల నడిమి దూరము మారదు, కోణము మారదు. బాలుని స్వీకరింపుమని కోరవలసిన మాట ఇది. దీనికి అతడు వెంటనే తల యూపును.

ఇక నిర్వచనము సులువు. ఒక ఆకృతిని ఇట్టి చలనములచే మరియొక ఆకృతిపైకి సరిగా చేర్పగలిగినచో అవి రెండును సర్వసమానములు. ఇందు త్రిభుజమని గాని, భుజమని గాని మాట లేదు. వృత్తమునకును, ఠకారమునకును, పెడన పువ్వునకును ఇదియే నిర్వచనము. భు-కో-భు నియమము దీనినుండి పుట్టవలెను. పుట్టునా?

త్రిభుజములకు పేర్లు పెట్టుటలో తెలుగు బాలునికి ఒక వసతి యున్నది. మొదటిదాని శీర్షములు క, చ, ట. రెండవదానివి గ, జ, డ అనుకొందము. ద్రుతము మీద పరుషములు వచ్చినచో సరళములగునని తెలుగు వ్యాకరణము చెప్పును: క స్థానమున గ, చ స్థానమున జ, ట స్థానమున డ. ఇచటను అంతే, క పోయి గ మీద, చ పోయి జ మీద, ట పోయి డ మీద పడవలెను. కచ భుజము గజ భుజమునకును, కట భుజము గడ భుజమునకును సమానమనియు, క కోణము గ కోణమునకు సమానమనియు తెలిసి యున్నది.

మొదట కచట త్రిభుజమును ఏమాత్రము త్రిప్పక జరిపి, క శీర్షమును గ శీర్షముపై నుంచవలెను. తరువాత గ వద్ద మేకు కొట్టినట్లు భావించి, కచ భుజము గజ భుజము వెంట పడువరకు త్రిప్పవలెను. ఆ రెండు భుజముల పొడవు లొక్కటే గనుక చ సరిగా జ మీదనే పడును. ఇప్పుడు ట ఎచట నున్నది? గజ రేఖకు డ ఉన్న వైపుననైన ఉండవలెను, ఎదుటి వైపుననైన ఉండవలెను. ఎదుటి వైపున నున్నచో గజ రేఖను మడతగా జేసి పరావర్తనము చేయవలెను; రేఖపై నున్న క, చ కదలవు, ట మాత్రము ఇవతలికి వచ్చును. ఇక రెండు కోణములు సమానములు గనుక కట కిరణము గడ కిరణముపై పడును. పొడవులు సమానములు గనుక ట పోయి డ మీద కూర్చుండును. మూడు శీర్షములు మూడింటిపై పడినవి. రెండు బిందువులగుండ ఒక్కటే సరళరేఖ పోవును గనుక భుజములును ఒకదానిపై నొకటి పడినవి.

ఇంతే ఉపపత్తి. దీనిలో చూడదగినది ఒకటి కలదు. ఇచ్చిన మూడు షరతులలో ప్రతి యొక్కటియు ఒక్కొక్కచోట పనికి వచ్చినది: మొదటి భుజము చ ను జ పై నిలిపినది, కోణము కిరణమునకు దారి చూపినది, రెండవ భుజము ట ను ఆపినది. కోణము ఆ రెండు భుజముల నడుమనే ఏల ఉండవలెనో ఇప్పుడు బాలుడు తానే చెప్పగలడు. కోణము నడుమ గాక క వద్ద నుండి, తెలిసిన భుజములు కచ, చట అయినచో ఏమగును? కిరణము గడ వెంట పడును, నిజమే. కాని ట ఆ కిరణముపై ఎచట ఆగవలెను? జ కేంద్రముగా చట పొడవు వ్యాసార్ధముగా వృత్తము గీసినచో అది కిరణమును రెండుచోట్ల ఖండింపవచ్చును. ఆగుటకు రెండు తావులున్నవి. ఏది సరియైనదో షరతులు చెప్పలేవు. భు-భు-కో అను నియమము లేకపోవుటకు కారణమిది. ఇంతవరకు అది పుస్తకమున లేదు గనుక లేదని నమ్మినవాడు, ఇప్పుడది ఎక్కడ జారిపోవుచున్నదో వ్రేలుపెట్టి చూపగలడు.

శీర్షముల వరుస మాటయు ఇందే తీరిపోవును. కచట త్రిభుజము గజడ త్రిభుజమునకు సర్వసమానమని వ్రాయవలసినచోట గడజ యని వ్రాసి మార్కులు పోగొట్టుకొను పిల్లలు ప్రతి తరగతిలోను ఉందురు. వారికి వరుస యనునది పరీక్షకుని చాదస్తముగా తోచును. ఎవరు ఎక్కడికి పోయినారో చెప్పునదే ఆ వరుస యని తెలిసినపుడు, చ స్థానమున డ వచ్చుటను సంధిలో ఒప్పుకొననివాడు ఇచటను ఒప్పుకొనడు.

భు-భు-భు నియమము కొంచెము ఓపిక కోరును. ఇచట కోణము తెలియదు గనుక కిరణమునకు దారి చూపువారు లేరు. అందుచేత గజ రేఖకు ట ఒకవైపున, డ మరియొకవైపున నుండునట్లు కావలెననియే నిలుపవలెను. అపుడు గాలిపటము వంటి ఆకృతి ఏర్పడును. గ నుండి ట కును డ కును దూరమొక్కటే. జ నుండియు అంతే. రెండు కొనలకు సమాన దూరమున నున్న బిందువులన్నియు లంబ సమద్విఖండన రేఖపై నుండును గనుక, గజ రేఖ టడ రేఖాఖండమునకు లంబ సమద్విఖండన రేఖ యగును. దానివెంట మడచినచో ట పోయి డ మీద పడును. గాలిపటము ఎగురవేసిన బాలునికి ఈ మడత కొత్త గాదు.

ఇది నేటివారి కల్పన యనుకొనరాదు. యూక్లిడ్ తన మొదటి గ్రంథమున నాలుగవ ప్రతిపాదనగా భు-కో-భు నియమమును చెప్పి, ఒక త్రిభుజమును మరియొకదానిపై వేసియే నిరూపించెను. కాని ఆయనకు ఆ పద్ధతిపై మక్కువ యున్నట్లు తోచదు. ఒక రేఖాఖండమును ఒక చోటినుండి మరియొక చోటికి చేర్చుటకు రెండవ ప్రతిపాదనలో సమబాహు త్రిభుజమును గీసి, వృత్తములను గీసి ఎంతో శ్రమపడినవాడు, నాలుగవదానికి వచ్చుసరికి త్రిభుజమునంతటిని అమాంతముగా ఎత్తి రెండవదానిపై పెట్టినాడు! ఎత్తవచ్చునని ముందు ఎచటను చెప్పలేదు. 1557లో ఫ్రెంచి పండితుడు జాక్ పెలెతియే దీనిని పట్టుకొనెను: ఎత్తిపెట్టుట చెల్లునేని రెండవ ప్రతిపాదనకు అంత ప్రయాస ఏల? ఇరువదవ శతాబ్దారంభమున బెర్ట్రండ్ రస్సెల్ మరింత లోతుగా గ్రుచ్చెను. కదలునపుడు త్రిభుజము ఆకారము మారలేదని ఎట్లు తెలిసినది? మారలేదనుటయే సర్వసమానత్వము గదా! నిరూపింపవలసినదానిని ముందే మూటగట్టి తెచ్చుకొన్నట్లు కాలేదా? 1899లోనే డేవిడ్ హిల్బర్టు చలనమును పూర్తిగా విడిచి, రెండు భుజములు, నడిమి కోణము సమానములైనచో తక్కిన కోణములును సమానములగునను మాటను స్వీకృతము చేసి, మూడవ భుజమును దానినుండి సాధించెను. పాఠ్యపుస్తకములలో త్రిభుజములు కదలక నిలిచిపోవుటకు ఈ మహనీయుల సంకోచమే మూలము.

వారి ఆక్షేపణ సరియైనదే. కాని అది చలనమును చెప్పకుండ వాడుకొనుటపై ఆక్షేపణ, చలనముపై గాదు. 1872లో ఫెలిక్స్ క్లైన్ ఎర్లాంగెన్‌లో ప్రకటించిన ప్రణాళికలో ఈ తలుపు వేరొక ప్రక్కనుండి తెరచెను. ఏ మార్పులకు లోనైనను చెక్కుచెదరని గుణములేవో వానిని గూర్చిన శాస్త్రమే రేఖాగణిత మనెను. అప్పుడు చలనమనగా చెక్క త్రిభుజమును చేతితో మోయుట గాదు. తలములోని ప్రతి బిందువునకును అది చేరవలసిన బిందువును నిర్ణయించు నియమము. ఆ నియమము దూరములను నిలుపునని స్పష్టముగా స్వీకరించిన పిదప రస్సెల్ ప్రశ్నకు చోటు లేదు. మూట విప్పి బల్లమీద పెట్టినట్లే. ఏదో యొకదానిని స్వీకరింపక ఎవరికిని తప్పదు. భు-కో-భు నియమమునే స్వీకరింపవలెనా, దానిని పుట్టించు చలనమును స్వీకరింపవలెనా యన్నది మిగిలిన ప్రశ్న. పండితునికి రెండును ఒకటే కావచ్చును. బాలునికి గావు.

అమెరికాలో ఆర్థర్ కాక్స్‌ఫర్డ్, జాల్మన్ ఉసిస్కిన్ అనువారు 1971లోనే చలనములను పునాదిగా జేసికొని ఉన్నత పాఠశాల పుస్తకమును వ్రాసినారు. 2010లో అచట వెలువడిన ఉమ్మడి పాఠ్య ప్రమాణములు దీనిని పుస్తకకర్తల ఇష్టమునకు విడువక, ఎనిమిదవ తరగతిలో ఈ మూడు చలనములను చేతితో చేసి చూడవలెననియు, ఉన్నత పాఠశాలలో సర్వసమానత్వమును వానితోనే నిర్వచించి భు-కో-భు మొదలగు నియమములు వానినుండి ఎట్లు వచ్చునో వివరింపవలెననియు విధించినవి. నలుబదికి పైగా రాష్ట్రములు వానిని తొలుత స్వీకరించినవి. కొన్ని తరువాత విడిచినవి. పద్ధతి మంచిదైనంత మాత్రమున తరగతిలో ఫలించునని చెప్పరాదు. చలనములు ఒక అధ్యాయమై, సర్వసమానత్వము వేరొక అధ్యాయమై, రెంటికి నడుమ వంతెన లేకపోయినచో పిల్లలకు నాలుగు కొత్త పేర్లు అదనముగా వల్లించు బరువే మిగులును.

మరియొక ప్రమాదము ఇంతకంటెను సూక్ష్మమైనది. పలుచని కాగితముపై త్రిభుజమును ఎత్తి గీసి రెండవదానిపై పెట్టి, 'సరిపోయినది గనుక నిజము' అని ముగించుట. సరిపోయినది ఆ రెండు త్రిభుజములకే. అదియు పెన్సిలు మొన మందమునకు లోబడి. కాగితము ప్రశ్నను పుట్టించునే గాని జవాబు చెప్పదు. పుట్టిన ప్రశ్నకు పైన చెప్పిన మూడు మెట్లే జవాబు. కాగితమును చూచి మురిసిపోయి మెట్లను మరచిన ఉపాధ్యాయునికంటె, కాగితమెరుగక మెట్లను చక్కగా చెప్పినవాడే మేలు.

తీరిక లేదనువారి మాట మిగిలినది. భు-కో-భు ఉపపత్తికి ఒక గంట, భు-భు-భు నియమమునకు మరియొకటి చాలును. కో-భు-కో నియమమునకు పావుగంట పట్టదు. రెండు కోణములు రెండు కిరణములకు దారి చూపగా, ఆ కిరణములు ఒక్కచోటనే కలిసికొనును గనుక ట పోయి డ మీద పడక తప్పదు. సమద్విబాహు త్రిభుజమునకు అదియు అక్కరలేదు. నాలుగవ శతాబ్దివాడగు పప్పస్ ఆ త్రిభుజమును వేరొకదానితో గాక, బోర్లించిన తనతోనే పోల్చి, పాదకోణములు సమానములని రెండు మాటలలో తేల్చెను. యూక్లిడ్ పుస్తకమున ఈ ప్రతిపాదనయే గాడిదల వంతెన యని పేరుపడి తరతరముల విద్యార్థులను భయపెట్టినది. ఇక పరీక్షల మాట. 'ఏ నియమముచేత?' అని యడుగు ప్రశ్నపత్రములో ఒక్క ప్రశ్నను మార్చి, 'భు-భు-కో ఏల చాలదు? పటము గీసి చూపుము' అని యడిగినచో మరునాటినుండియే తరగతిలో పాఠము మారును. ప్రశ్నపత్రము కూర్చువారికి ఇది పెద్ద పని గాదు.

ఆ పాఠమునకు కావలసిన సామగ్రి పలుచని కాగితమొకటి, పెన్సిలొకటి. వెనుక బల్లమీది బాలుని పిలిచి, ఒకదానికొకటి అద్దములోని నీడవలె నున్న రెండు త్రిభుజములను అతని ముందుంచవలెను. అతడు కాగితమును జరుపును; త్రిప్పును; మరల జరుపును. భుజములన్నియు కొలిచి చూచినాడు, తేడా లేదు. అయినను ఒకదానిపై నొకటి కూర్చుండదు. ఉపాధ్యాయుడు ఆ సమయమున నోరు మెదపరాదు. కొంతసేపటికి బాలుడే కాగితమును ఎత్తి వెనుకకు త్రిప్పి, వెలుతురులో ఒకమారు చూచి, బోర్లించి పెట్టును.